ప్రైవేట్ యూనివర్సిటీలో బీఫార్మసీ, ఫార్మ్‌డీ సీటు: డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి, ఏ వరుసలో చూసుకోవాలి

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే. "యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేశారండీ, సీట్లు అయిపోతున్నాయట, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టేయమంటారా?" అవుననో కాదనో బయటివాళ్లు చెప్పలేరు. కానీ నాలుగైదు రోజులు ఓపిక పట్టి, కింద రాసిన వరుసలో చూసుకుంటే జవాబు మీకే తేలిపోతుంది.

వరుస ముఖ్యమని ఎందుకు అంటున్నానంటే, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు క్యాంపస్ చూస్తారు, నచ్చుతుంది, ఫీజు బేరమాడి కట్టేస్తారు, అనుమతుల సంగతి మూడో ఏడాదిలో గుర్తొస్తుంది. ఫార్మసీ చదివిన పిల్లలు ఫార్మసిస్టుగా పనిచేయాలంటే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. అక్కడిదాకా దారి సరిగ్గా ఉందో లేదో ముందు తేలాలి. తర్వాత ల్యాబ్, ఆసుపత్రి. ఫీజు మాట ఆఖర్న.

## 1. ముందు కోర్సు తేల్చుకోండి

"ఫార్మసీ" అని ఒక్క మాటలో అంటాం కానీ మూడు కోర్సులూ మూడు దారులు.

డీఫార్మసీ: రెండేళ్లు, ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. మెడికల్ షాపు పెట్టుకోవడమే లక్ష్యమైతే దీనితో సరిపోతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష ఉండాలని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) 2022లో నిబంధనలు తెచ్చింది. మీ బ్యాచ్‌కు అది ఎలా వర్తిస్తుందో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో అడిగి తెలుసుకోండి.

బీఫార్మసీ: నాలుగేళ్లు, 8 సెమిస్టర్లు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు కంపెనీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్, రెగ్యులేటరీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా చదివేది ఇదే. ఎంఫార్మసీకి వెళ్లాలన్నా ఇదే మెట్టు.

ఫార్మ్‌డీ: ఆరేళ్లు. ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఇది వార్డులో రోగి పక్కన నేర్చుకునే కోర్సు. మన దగ్గర ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు ఇంకా తక్కువే. చాలామంది ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), క్లినికల్ రీసెర్చ్, మెడికల్ రైటింగ్ వైపు వెళ్తున్నారు. ఆరేళ్ల ఫీజు కట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోవాలి.

అమెరికా ఆశ ఉన్నవాళ్లు ఒక విషయం ఇప్పుడే తెలుసుకోవాలి. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పూర్తి చేసిన విదేశీ విద్యార్థులు అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు దారిలో అడుగుపెట్టాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన నాలుగేళ్ల బీఫార్మసీకి ఆ దారి లేదు, ఫార్మ్‌డీకి ఉంది. బీఫార్మసీ తర్వాత అక్కడికి వెళ్లి ఎంఎస్ చేస్తే ఉద్యోగం దొరకొచ్చు గానీ ఫార్మసిస్టు లైసెన్సు మాత్రం ఎంఎస్‌తో రాదు. అడ్మిషన్ ఏజెంట్లు ఈ తేడా చెప్పరు.

ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ లాంటి కోర్సులు కూడా ఇవే యూనివర్సిటీల్లో ఉంటాయి. వాటికి పీసీఐతో సంబంధం లేదు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి వస్తాయి. వాటిలో చేరేవాళ్లు అడగాల్సింది "మీ డిగ్రీతో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఎలా?" అని. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇలాంటి డిగ్రీ ఇస్తామంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2025లో ఆ తలుపు మూసేసింది.

## 2. అనుమతులు: ఇంట్లో కూర్చుని చేసే పని, అన్నిటికన్నా ముఖ్యమైన పని

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. యూనివర్సిటీకి డిగ్రీ ఇచ్చే హక్కు ఉందా? ఈ కోర్సు నడపడానికి దానికి అనుమతి ఉందా? మొదటిదానికి యూజీసీ, రెండోదానికి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పీసీఐ. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

మొదటి మెట్టు. యూజీసీ వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు వెతకండి. రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడినవి ప్రైవేట్ యూనివర్సిటీల జాబితాలో ఉంటాయి. యూజీసీ చట్టం సెక్షన్ 3 కింద హోదా పొందినవి డీమ్డ్ జాబితాలో ఉంటాయి. రెండింటిలోనూ లేకపోతే, అక్కడే ఉండే నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా ఒకసారి చూడండి.

ప్రైవేట్ యూనివర్సిటీకి వేరే కాలేజీలను అనుబంధంగా చేర్చుకునే అధికారం లేదు. "ఫలానా యూనివర్సిటీ డిగ్రీయే, క్లాసులు మాత్రం మా ఊరి సెంటర్‌లో" అని ఎవరైనా అంటే చేరొద్దు.

రెండో మెట్టు. పీసీఐ వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన సంస్థల జాబితా తెరవండి. రాష్ట్రం, కోర్సు ఎంచుకుని చూడండి. నాలుగు అంశాలు కాగితం మీద రాసుకోండి:

- సంస్థ పేరు, చిరునామా. బ్రోషర్‌లో ఉన్నట్టే ఉండాలి. కాలేజీ నుంచి యూనివర్సిటీగా మారిన చోట్ల పాత పేరు, కొత్త పేరు తేడా వస్తుంది. అప్పుడు పేరు మార్పుకు పీసీఐ ఇచ్చిన లెటర్ అడగండి.
- కోర్సు. బీఫార్మసీకి ఆమోదం ఉన్నంత మాత్రాన ఫార్మ్‌డీకి ఉన్నట్టు కాదు.
- సీట్ల సంఖ్య. ఆమోదించిన సీట్లకు మించి చేర్చుకుంటే, ఆ పైనున్న పిల్లల రిజిస్ట్రేషన్ ఇరుకున పడుతుంది.
- ఏ విద్యా సంవత్సరం వరకు ఆమోదం.

మూడో మెట్టు. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. కోర్సు నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి ఒకటి, ఫార్మసీ చట్టం 1948లోని సెక్షన్ 12 కింద ఇచ్చే ఆమోదం ఇంకొకటి. చదువుకున్నవాళ్లను ఫార్మసిస్టుగా రిజిస్టర్ చేయడానికి రెండోది కావాలి. కొత్తగా పెట్టిన చోట మొదటి బ్యాచ్‌లు మొదటి అనుమతితోనే మొదలవుతాయి. అది తప్పేమీ కాదు. కానీ పాసయ్యేనాటికి సెక్షన్ 12 ఆమోదం రాకపోతే పిల్లలు పట్టా చేతిలో పెట్టుకుని ఎదురుచూడాల్సి వస్తుంది. అందుకే ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాని చోట చేరాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను. పాత సంస్థ అయితే ఒక చిన్న పరీక్ష ఉంది: పోయిన ఏడాది పాసైన ఎవరినైనా కలిసి, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చిందా అని అడగండి. దానికి మించిన రుజువు లేదు.

గేటు మీద "ఏఐసీటీఈ అప్రూవ్డ్" (అంటే సాంకేతిక విద్యా మండలి ఆమోదం) అని పెద్ద అక్షరాలతో ఉంటే దానితో సరిపెట్టుకోవద్దు. ఫార్మసీ చదువు విషయంలో నిర్ణయాధికారం పీసీఐదేనని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. న్యాక్ గ్రేడు, ఎన్‌బీఏ గుర్తింపు, ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకు ఉంటే మంచిదే. అవి నాణ్యత గురించి చెప్తాయి, రిజిస్ట్రేషన్ గురించి చెప్పవు. న్యాక్ గ్రేడు యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చేది. ఇంజినీరింగ్ విభాగం బలంతో వచ్చిన గ్రేడును ఫార్మసీ బ్రోషర్ మీద కూడా వేస్తారు.

## 3. సీటు ఏ దారిలో వస్తోంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అఫిలియేటెడ్ ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ప్రైవేట్ యూనివర్సిటీల లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ప్రైవేట్ యూనివర్సిటీల సీట్లలో 35 శాతం కన్వీనర్ కోటాలో నింపుతున్నారు. తెలంగాణలో 2018 ప్రైవేట్ యూనివర్సిటీల చట్టం 25 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. డీమ్డ్ యూనివర్సిటీలు సొంత పరీక్షతో, సొంత పద్ధతిలో సీట్లు ఇస్తాయి.

దీనివల్ల మీ జేబుకు వచ్చే తేడా ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు. "ఎలాగోలా చేయిస్తాం" అన్న నోటి మాటను నమ్మి బడ్జెట్ వేసుకోవద్దు. మీ సీటుకు వర్తిస్తుందో లేదో ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

బైపీసీ వాళ్లకు అసలు టెన్షన్ తేదీల దగ్గర. ఫార్మసీ కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ తర్వాత మొదలవుతుంది. పీసీఐ అనుమతులు ఆలస్యమైతే ఇంకా వెనక్కి జరుగుతుంది. ఆ మధ్య నెలల్లోనే ప్రైవేట్ యూనివర్సిటీల ఫోన్లు ఎక్కువగా వస్తాయి, పిల్లలు ఖాళీగా ఉన్నారన్న బెంగతో తల్లిదండ్రులు కట్టేస్తారు. ర్యాంకు బాగుంటే ఆగండి. గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, మీ కేటగిరీలో ఎక్కడిదాకా సీటు వచ్చిందో చూసుకోండి.

## 4. క్యాంపస్‌కు వెళ్లే రోజు

ఆదివారం, ఓపెన్ డే రోజు వెళ్లొద్దు. మామూలు పనిరోజున, ప్రాక్టికల్స్ నడిచే వేళ వెళ్లండి. ఏ పూట నడుస్తాయో ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. అడ్మిషన్ ఆఫీసు వాళ్లు ఏసీ సెమినార్ హాలు చూపిస్తారు. మర్యాదగా చూసి, "ఇన్‌స్ట్రుమెంట్ రూమ్, మెషీన్ రూమ్ చూడొచ్చాండీ?" అని అడగండి.

ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే మిషన్) ఉంటుంది. మిషన్ ఉందా లేదా అన్నదానికన్నా దాని పక్కన ఉండే లాగ్‌బుక్ చూడండి. ఏ తేదీన, ఎవరు, ఏ శాంపిల్ మీద, ఏ కాలమ్‌తో, ఏ మొబైల్ ఫేజ్‌తో నడిపారో అందులో రాసి ఉంటుంది. పోయిన వారం ఎంట్రీలు, వేర్వేరు చేతిరాతలు, మధ్యలో ఒక కొట్టివేత కనిపిస్తే ఆ మిషన్ మీద పిల్లలు పని చేస్తున్నారని అర్థం. ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, తనిఖీకి ముందు వారం వరకే నిండి తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉంటే, మిషన్ కొన్నది తనిఖీ కోసమే.

మెషీన్ రూమ్‌లో ట్యాబ్లెట్ పంచింగ్ మిషన్, కోటింగ్ పాన్ చూడండి. పక్కనే డిసల్యూషన్ అపారటస్ (మాత్ర ఎలా కరుగుతుందో పరీక్షించే మిషన్) ఉంటుంది. దాని నీళ్ల తొట్టెలో నీళ్లున్నాయా, అడుగున తెల్లటి పొర కట్టిందా అని చూస్తే ఎన్నాళ్లుగా వాడుతున్నారో తెలిసిపోతుంది.

చూడాల్సిన మిగతావి:

- ప్రాక్టికల్ బ్యాచ్‌లో ఎంతమంది? 20 మందికి ఒక టీచర్ ఉండాలి. 40 మంది ఒకే టేబుల్ చుట్టూ నిలబడి చూస్తుంటే చేసేవాళ్లు నలుగురే.
- ఔషధ మొక్కల తోట, జంతువుల గదికి రిజిస్ట్రేషన్.
- లైబ్రరీలో ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) ఏ ఎడిషన్ ఉంది?
- ఏడో సెమిస్టర్‌లో ప్రాక్టీస్ స్కూల్, ఎనిమిదిలో ప్రాజెక్టు ఉంటాయి. పోయిన ఏడాది ప్రాజెక్టు రిపోర్టులు రెండు తీసి చూడండి. రెండిట్లో ఒకే వాక్యాలుంటే ప్రాజెక్టు బయట కొన్నారని అనుమానించాల్సిందే.

తర్వాత క్యాంటీన్‌లో టీ తాగుతూ మూడో ఏడాది పిల్లలతో మాట్లాడండి. "ప్లేస్‌మెంట్లు బాగున్నాయా?" అని అడిగితే బాగున్నాయనే అంటారు. "మీ సీనియర్లలో మీకు తెలిసిన ఐదుగురు ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారమ్మా?" అని అడగండి. పేర్లు, కంపెనీలు గబగబా చెప్తే మంచి చోటు. "ఈ సెమిస్టర్‌లో టీచర్ మారారా?" అన్నది కూడా తప్పక అడగండి. ఏడాది మధ్యలో టీచర్లు వెళ్లిపోయే చోట జీతాలు ఆగుతున్నాయని అర్థం చేసుకోవచ్చు.

## 5. ఫార్మ్‌డీ అయితే ఆసుపత్రి చూడకుండా రాకండి

ఫార్మ్‌డీ 2008 నిబంధనల ప్రకారం కనీసం 300 పడకల ఆసుపత్రితో అనుబంధం ఉండాలి. కొన్ని చోట్ల ఆ ఆసుపత్రి ఎంఓయూ (ఒప్పందం) కాగితం మీదే ఉంటుంది.

కాలేజీ నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. జనరల్ మెడిసిన్ వార్డులో నర్సింగ్ స్టేషన్ దగ్గర అడగండి: ఫార్మ్‌డీ పిల్లలు రోజూ వస్తారా, రౌండ్స్‌లో డాక్టర్లతో తిరుగుతారా, కేస్ షీట్ ముట్టుకోనిస్తారా? ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మూడు వేరే విభాగాల్లో రెండేసి నెలల చొప్పున చేయాలి. ఆ మూడు విభాగాలూ ఆ ఆసుపత్రిలో నడుస్తున్నాయా అని చూసుకోవాలి.

కాలేజీకీ ఆసుపత్రికీ దూరం ఎంత, బస్సు ఎవరిది, ఆరో ఏడాది కూడా ఫీజు కట్టాలా, స్టైపెండ్ ఉందా? ఈ నాలుగూ అక్కడే రాసుకోండి.

## 6. డబ్బు కట్టేటప్పుడు

ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉంటేనే ఈ మెట్టు ఎక్కండి.

మొదటి ఏడాది ఫీజు వినొద్దు, కోర్సు మొత్తం ఖర్చు ఒక కాగితం మీద రాయించుకోండి. ట్యూషన్, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్, బస్సు, యూనిఫాం, ఆసుపత్రి పోస్టింగ్, కాషన్ డిపాజిట్, ఏటా పెంపు ఎంత. స్కాలర్‌షిప్ పేరుతో తగ్గింపు ఇస్తే అది అన్ని ఏళ్లకా, మొదటి ఏడాదికేనా, ఒక బ్యాక్‌లాగ్ వస్తే పోతుందా అని అడగండి.

- డబ్బు యూనివర్సిటీ పేరున ఉన్న ఖాతాకే. ఏజెంటు ఫోన్‌పేకు ఒక్క రూపాయి కూడా వద్దు.
- రసీదు మీద కోర్సు, విద్యా సంవత్సరం, ఏ పద్దు కింద కట్టారో ఉండాలి. ఉత్త "అడ్వాన్స్" అని ఉంటే మార్పించండి.
- రిఫండ్ నిబంధనలు ఆ ఏడాది ఏమిటో ప్రింట్ తీసి పెట్టుకోండి. 2024–25కు యూజీసీ సెప్టెంబర్ 30 వరకు పూర్తిగా, అక్టోబర్ 31 వరకు గరిష్ఠంగా వెయ్యి రూపాయలు పట్టుకుని వాపసు ఇవ్వాలంది. తేదీలు ఏటా మారుతాయి.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగివ్వాలన్నది యూజీసీ నియమం. పదో తరగతి, ఇంటర్ మెమోలు, కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి పెట్టుకోకుండా ఇంటి నుంచి బయల్దేరొద్దు. ఏదైనా ఉంచుకుంటామంటే, ఏమేం ఇచ్చారో సంతకంతో రాయించుకోండి.

బ్యాంకు లోను తీసుకునేవాళ్లు విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. 7.5 లక్షల దాకా క్రెడిట్ గ్యారంటీ పథకం కింద తనఖా లేకుండా ఇచ్చే వీలుంది. బ్యాంకు వాళ్లు కూడా పీసీఐ ఆమోద పత్రం అడుగుతారు, కాబట్టి ఆ కాగితం ముందే తెప్పించుకుంటే రెండు పనులకూ పనికొస్తుంది.

## 7. చేరాక మొదటి ఏడాది

ఎంపీసీ పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ బయాలజీ, బైపీసీ వాళ్లకు రెమిడియల్ మ్యాథ్స్ ఉంటాయి. వీటిని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ ఫెయిలవుతారు.

హాజరు 80 శాతం, థియరీకి విడిగా, ప్రాక్టికల్‌కు విడిగా. థియరీలో 100కు 25 మార్కులు ఇంటర్నల్. వీటన్నిటికన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన నియమం ఇంకోటి ఉంది. ఒకటి, రెండు సెమిస్టర్ల సబ్జెక్టులన్నీ పాసైతేనే ఐదో సెమిస్టర్‌లోకి పంపుతారు. మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టు మిగిల్చుకున్నా మూడో ఏడాది గుమ్మం దగ్గర ఆగిపోవాలి. తల్లిదండ్రులు మొదటి రెండు సెమిస్టర్ల మెమోలు తప్పకుండా చూడాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు అనాటమీ పదాలు మొదట్లో కొరుకుడు పడవు. రోజుకు పది పదాలు, పక్కన తెలుగులో అర్థం, కింద బొమ్మ వేసుకుంటే మొదటి సెషనల్ నాటికి భయం పోతుంది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

"మేనేజ్‌మెంట్ కోటాలో కట్టేశాం, తర్వాత కన్వీనర్ సీటు వచ్చింది." అదే రోజు సీటు వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. అదే లెటర్ ఈమెయిల్‌లో కూడా పంపండి. రిఫండ్ లెక్క మీరు లెటర్ ఇచ్చిన తేదీ నుంచే.

"పీసీఐ జాబితాలో ఈ ఏడాది పేరు కనిపించడం లేదు." అనుమతులు విడతలుగా వస్తాయి, కాబట్టి వెంటనే కంగారు వద్దు. పోయిన ఏడాది జాబితాలో ఉందా చూడండి. ఉంటే ఈ ఏడాది పొడిగింపు లెటర్ కాపీ అడగండి. అది చూపించేదాకా డబ్బు కట్టొద్దు.

"బీఫార్మసీ అడిగితే ఫార్మ్‌డీలో చేర్చారు, తర్వాత మార్చుకోవచ్చన్నారు." రెండు కోర్సుల సిలబస్ వేరు, అనుమతి వేరు, సీట్లు వేరు. మధ్యలో అటు నుంచి ఇటు దూకే దారి లేదు. అడ్మిషన్ గడువు ముగిసేలోపే మార్పించుకోవాలి.

"ఒరిజినల్స్ ఇవ్వడం లేదు, రిఫండ్ అడిగితే తిప్పుతున్నారు." ముందు యూనివర్సిటీ గ్రీవెన్స్ కమిటీకి లెటర్ ఇవ్వండి. జవాబు రాకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. రసీదు, స్టాంపు వేయించుకున్న లెటర్, పంపిన ఈమెయిల్ మూడూ జత చేయండి. ఫిర్యాదు నంబరు రాగానే దాన్ని యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు కూడా ఈమెయిల్ చేయండి.